ఇసుక తిప్ప మీద ఓనర్ తాత

పోయిన ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. నాలుగో అంతస్తులో అద్దెకుంటున్న కుర్రాడు టెర్రస్ మీద నిలబడి, మూరెడు పొడుగు కెమెరా కంటికి ఆనించుకుని ఎదుటి బ్లాకు వైపు చూస్తున్నాడని ఎవరో ఫోటో తీసి పెట్టారు. "లేడీస్ బట్టలు ఆరేసుకోవద్దా?" అని ఒకరు, "బ్యాచిలర్స్‌కి ఇవ్వద్దని ముందే చెప్పిన" అని ఇంకొకరు. ఏం జరిగినా చేతులు జోడించిన బొమ్మ పెట్టే రెండో అంతస్తు పెద్దాయన అప్పుడూ అదే పెట్టాడు. సాయంత్రం కింద పార్కింగులో మీటింగు. ఆ పిల్లాడు చెమటలు కక్కుకుంటూ, "ఆంటీ, కాప్రా చెరువు మీదికొచ్చే పక్షుల్ని తీస్తున్నా" అని కెమెరాలో ఉన్న కొంగల్నీ నీటికాకుల్నీ ఒక్కొక్కదాన్నే చూపించాడు. అందరూ పోలీసుల్లా మొహాలు పెట్టుకుని చూస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. ఫక్కుమన్నాను. మా కోడలు నా చెయ్యి గిల్లింది.

ఇంటికొచ్చాక, "ఏంటత్తయ్యా, అంత సీరియస్‌గా మాట్లాడుకుంటుంటే!" అంది. కూర్చోబెట్టి చెప్పాను. చెప్పడం అయ్యేసరికి అన్నం చల్లారిపోయింది. ఆ చెప్పిందే ఇది.

నా చిన్నప్పుడు మేం మెట్టుగూడలో ఒక డాబా ఇంట్లో కింద పోర్షన్‌లో ఉండేవాళ్ళం. నాన్నది రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. పై పోర్షన్‌లో ఇంటాయన, ఆయన భార్య. ఆయన్ని నేనూ తమ్ముడూ ఓనర్ తాత అనీ, ఆవిణ్ణి ఓనరమ్మ అనీ పిలిచేవాళ్ళం. తాత గూడ్సు బండ్లకి గార్డుగా పనిచేసి అప్పుడే రిటైరయ్యాడు. బండి చివరి డబ్బాలో ఒక్కడూ కూర్చుని, వెనక్కి పోతున్న లోకాన్ని చూస్తూ ఉండటమే ఆయన చేసిన ఉద్యోగం. "ముప్పై ఏండ్లు సూసుకుంటనే కూసున్నడు. సూసుడు తప్ప ఇంకో పని రాదు ఈయనకు" అనేది ఓనరమ్మ.

అలాంటి మనిషికి బొల్లారంలో ఉండే మిలిటరీ దోస్తు ఒకాయన బదిలీ మీద పోతూ పోతూ తన పాత దుర్భిణి ఇచ్చిపోయాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. పొద్దున లేస్తే మేడ మీదే. వెనక వీధిలో చింతచెట్టు మీద కొంగలు గూడు పెట్టాయి, వాటిని చూస్తాడు. కానీ ఆ చింతచెట్టుకీ మా మేడకీ మధ్య పదిళ్ళ మేడలున్నాయి. వాటి మీద వడియాలు పెట్టేవాళ్ళు, తలంటుకుని జుట్టు ఆరబెట్టుకునేవాళ్ళు. ఒకరోజు ఇద్దరు మగవాళ్ళు మా గుమ్మంలోకొచ్చి, "ఏంది పెద్దమనిషీ, పొద్దుగాల్నుంచి ఏం జూస్తున్నవ్?" అని కేకలేశారు.

తాత మేడ మీంచి నిజమే చెప్పాడు. "పిట్టల్ను జూస్తున్న బిడ్డా. మస్తుగున్నయ్."

ఆ మాటకి మా వీధి కుర్రకారు భాషలో వేరే అర్థం ఉందని ఆయనకి తెలీదు. ఆ పూట గొడవ ఆపడానికి నాన్న తలప్రాణం తోకకొచ్చింది.

ఆ వేసవిలోనే మేం అమ్మమ్మగారి ఊరు బయల్దేరాల్సి ఉంది. ఆఖరి నిమిషంలో నాన్నకి సెలవు దొరకలేదు. పిల్లల్ని వేసుకుని అంతదూరం ఒక్కత్తీ ఎలా వెళ్తుందని అమ్మ దిగులుపడుతుంటే ఓనరమ్మ మెట్లు దిగొచ్చింది.

"ఏం పరేషాన్ గాకు బిడ్డా. మా ఆయనను తీస్కపో. మొగదిక్కు ఉంటడు. ఆడ ఏరు, సముద్రం, పిట్టలు ఉంటయంటివి గదా, ఆయనకు సుత మంచిగుంటది. నాకు సుత పదిరోజులు నిమ్మళంగుంటది."

ఆ చివరి మాటే అసలు మాట అని మా అందరికీ అర్థమైంది.

అలా మా ఇంటి ఓనరు మాతో అమ్మమ్మగారింటికి వచ్చాడు. మెడలో దుర్భిణి, జేబులో గార్డు ఉద్యోగం నాటి ఈల, చేతిలో ఓనరమ్మ ఇచ్చిన సకినాల డబ్బా. రైలు దిగి, బస్సెక్కి, బస్సు దిగి రేవులో పడవెక్కాం. పడవాయన మాకు వరసకి మావయ్య అవుతాడు. తాత ఆయన్ని మాటల్లోకి దించాడు.

"ఊరు దూరమా అన్నా?"

"ఆయ్."

"ఏమైంది, ఏడనన్న నొప్పా?"

"ఆయ్, నొప్పేంటండీ?"

తాత మా అమ్మ వైపు తిరిగి రహస్యంగా, "పాపం, శాన తక్లీఫ్ ఉన్నట్టుంది మనిషికి. మాటమాటకు మూలుగుతుండు" అన్నాడు. మా ఊళ్ళో మర్యాదకి అలా అంటారని చెప్పేలోపు అమ్మ నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

అమ్మమ్మ రేవులోనే ఎదురొచ్చింది. మా సొంత తాతయ్య పోయిన తర్వాత కొబ్బరితోటా, పొలమూ ఒంటిచేత్తో నడిపిన మనిషి. గొంతెత్తితే అవతలి గట్టున ఆవులు తలెత్తి చూసేవి. ఓనర్ తాతని ఎగాదిగా చూసి, "ఈయనెవరే?" అంది.

"మా ఇంటి ఓనరే అమ్మా."

"ఓసినీ! మీ సికింద్రాబాదులో ఊరెళ్ళేటప్పుడు ఇంటివాళ్ళని కూడా సామాన్లతో పాటు కట్టుకెళ్తారేంటే?" అని, వెంటనే మర్యాద తెచ్చుకుని, "రండన్నయ్యగారూ" అంది.

"నమస్తే అక్కా" అన్నాడు తాత.

అమ్మమ్మ మొహం మాడింది. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేని మనిషి తనని అక్క అనడం ఆవిడ చాలా రోజులు మర్చిపోలేదు. పైగా మొదటి భోజనంలోనే తాత గుమ్మడికాయ పులుసు నోట్లో పెట్టుకుని, "గిది కూరనా, మిఠాయా?" అని అడిగాడు. మర్నాడు అమ్మమ్మ చింతచిగురూ ఎండురొయ్యలూ వండి, పచ్చిమిరపకాయలు గుప్పెళ్ళతో వేసింది. తాత కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా మూడుసార్లు మారు వడ్డించుకుని, "ఇయ్యాల తిన్నట్టుంది అక్కా" అన్నాడు. అక్క అన్నా సరే, ఆ రోజు నుంచీ అమ్మమ్మ ఆయన్ని సొంతమనిషిలా చూసింది.

అమ్మమ్మగారి ఊరు దాటితే ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ చోటుని మొగ అంటారు. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్ళు ఏట్లోకి ఎదురెక్కుతాయి, ఆటు వచ్చినప్పుడు వెనక్కి తీస్తాయి. ఇటు పక్క మడచెట్లు, వాటి బురద వాసన. అటు పక్క పల్లెలో ఎండుచేపల వాసన. మధ్యలో నీళ్ళ మీద పెద్ద ఏనుగు పడుకున్నట్టు ఒక ఇసుక తిప్ప. ఎండాకాలం నీళ్ళు తగ్గగానే ఆ తిప్ప మీదికి పక్షులొచ్చి గుడ్లు పెట్టేవి. తెల్లటి ఒళ్ళు, పసుపు ముక్కు, నడినెత్తిన నల్లటి టోపీ. మేం టోపీ పిట్టలనేవాళ్ళం. ఇసకలో చిన్న గుంట చేసి అందులోనే పెడతాయి. గుడ్లు కూడా ఇసక రంగే, తొక్కేదాకా కనపడవు.

మొదటిరోజు తాత తిప్ప మీద దిగి, దుర్భిణి కళ్ళకి పెట్టుకుని, చాలాసేపు దించలేదు. దించాక చూస్తే కళ్ళద్దాల అంచులు తడిగా ఉన్నాయి.

"ఏంటి తాతా?" అన్నాను.

"ఏం లేదు బిడ్డా. చింతచెట్టు మీద ఒక్క గూడుకు నేను తిట్లు తింటి. ఈడ చూడు, ఊరుకు ఊరే ఉన్నది."

ఆ సమయానికి మా తమ్ముడు చొక్కా ఒడిలో గుడ్లు ఏరుతున్నాడు. మాకది ఏటా అలవాటే. ఇంటికి తీసుకెళ్ళి అట్టు వేయించుకునేవాళ్ళం. కాస్త నీచువాసన వచ్చినా దొంగతిండి కాబట్టి బాగుండేది. తాత ఈల తీసి ఊదాడు. తమ్ముడు నిలబడ్డ చోటే బిగుసుకుపోయాడు.

"టికెట్ ఉన్నదా?"

"లే... లేదు తాతా."

"మరి బండెక్కినవేంది? పో, ఏ డబ్బాల ఎక్కినవో ఆ డబ్బాలనే దిగు."

అన్ని గుంటలూ ఒకేలా ఉన్నాయి. ఏ గుడ్డు ఎక్కడిదో వాడికి మాత్రం ఏం తెలుసు? ఇదిక్కడిదని వాడూ, కాదక్కడిదని నేనూ కొట్టుకుంటుంటే పైనుంచి తల్లిపిట్టలు మూకుమ్మడిగా దిగాయి. మా ఇద్దరికీ జుట్టుంది కాబట్టి బతికాం. తాత బట్టతల మీద ఒకటి పొడిచింది, రెండోది రెట్ట వేసింది. మర్నాటి నుంచీ ఆయన అమ్మమ్మ వంటింట్లోని సత్తుగిన్నె బోర్లించుకుని, తువ్వాలుతో గడ్డం కింద ముడేసుకుని తిప్ప మీదికి వచ్చేవాడు. పిట్టలు గిన్నె మీద టంగుటంగుమని పొడుస్తుంటే లోపల్నుంచి సంతోషంగా నవ్వేవాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ గార్డు ఉద్యోగం చేసిన మనిషి జెండాలు లేకుండా ఉండలేడు. ఎవరూ తొక్కకుండా ప్రతి గూడు పక్కనా కొబ్బరి ఈనె గుచ్చి, అమ్మమ్మ పాత చీర చింపి, ఎర్రగుడ్డ పీలిక కట్టాడు. గుడ్లుంటే ఎర్రజెండా. పిల్ల బయటికొస్తే పచ్చజెండా కట్టాలని నా చిరిగిన పచ్చ పరికిణీ కూడా దాచిపెట్టాడు. గూళ్ళ మధ్య నడవడానికి కర్రతో దారులు గీశాడు. కాకులొస్తే ఈల ఊదేవాడు.

మీరే చెప్పండి. ఎక్కడో హైదరాబాదు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. నెత్తిన గిన్నె. కళ్ళకి ఏదో యంత్రం. రోజూ ఇసకలోకే చూస్తాడు. ఎర్రగుడ్డలు కట్టాడు, గీతలు గీశాడు. ఊరు ఏమనుకుంటుంది?

లంకెబిందెలనుకుంది.

తిప్ప కింద ఏనాటిదో నిధి ఉందనీ, ఆ యంత్రంలోంచి చూస్తే బంగారం మెరుస్తుందనీ, ఎక్కడెక్కడ బిందెలున్నాయో అక్కడక్కడ ఎర్రగుడ్డ కట్టాడనీ టీకొట్టు దగ్గర తేలిపోయింది. ఒకరోజు పొద్దున మేం వెళ్ళేసరికి తిప్ప ఒక చివర అంతా పలుగూ పారా వేసి తవ్వేసి ఉంది. ఎర్రగుడ్డ ఉన్న చోటల్లా గొయ్యే. ఇసకలో పచ్చసొన ఎండిపోయి ఉంది. ఆ గోతుల మీద పిట్టలు ఒకటే అరుపు.

తాత ఈనెలన్నీ ఏరి ఒక కట్ట కట్టాడు. ఇంటికొచ్చి అరుగు మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. అమ్మమ్మ మారువిస్తరి వేసి పిలిచినా లేవలేదు.

"నేను జూసినందుకే పాయెనక్కా" అన్నాడు. "నేను జెండా కట్టకపోతె ఆళ్ళకు తెల్వకపోవు. ఇంక మిగిలినయి సుత రేపు తవ్వుతరు."

అమ్మమ్మ కొంగు బొడ్లో దోపుకుని లోపలికెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే మా ఇంట్లో ఆవకాయ. పెరట్లో ఊళ్ళో ఆడవాళ్ళంతా చేరి, కత్తిపీటల ముందు కూర్చుని మామిడికాయలు ముక్కలు కొడుతున్నారు. ఆవపిండి ఘాటుకి అందరి ముక్కులూ కారుతున్నాయి. అమ్మమ్మ కారం గుమ్మరిస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు, "ఎవరికీ చెప్పకండే" అని మొదలుపెట్టింది. మా ఊళ్ళో ఆ మాట అంటే దండోరా వేయించినట్టే.

"ఆ ఎర్రగుడ్డలు నిధికీ కాదు, నా బొందకీ కాదు. మంచాలకి గుర్తులు."

"ఏం మంచాలండీ?"

"ఆపరేషన్ మంచాలే. తిప్ప మీద డేరా వేస్తారంట. ఆయన ఆపరేషన్ల ఆఫీసరు. హైదరాబాదు నుంచి పంపించారు."

కత్తిపీటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అవి ఊరూరా మగవాళ్ళని పట్టుకెళ్ళి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తున్నారని అందరూ హడలిపోతున్న రోజులు.

"మరా కళ్ళజోడు యంత్రం?" అందొకావిడ వణుకుతూ.

"అందులోంచి చూస్తే ఎవడికైందో ఎవడికి కాలేదో తెలిసిపోద్దంట. తిప్ప మీద కాలు పెట్టినోణ్ణి పెట్టినట్టే పట్టుకోడమే. పాపం, నిన్న తవ్విందెవరో గాని, వాళ్ళ పాదాల గుర్తులు కొలుచుకున్నాడు."

మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "అమ్మా! ఆయన పరువేం కావాలే?" అంది గుసగుసగా.

"గుడ్లు దక్కుతాయా, లేదా?" అంది అమ్మమ్మ, నూనె పోస్తూ.

సాయంత్రానికి ఊళ్ళో మీసమన్నది కనపడితే ఒట్టు. అత్తారింటికొకడు, మేనత్తగారింటికొకడు, జబ్బు చేసిన బావమరిదిని చూడ్డానికొకడు. టీకొట్టు మూత. మంగలి కుర్చీ ఖాళీ; మంగలీ లేడు. పూజారిగారు దేవుడికి రెండుపూటల నైవేద్యం ఒకేసారి పెట్టేసి పొరుగూరు వెళ్ళారు. డెబ్భై ఏళ్ళ ముసలాయనొకాయన ధాన్యం గాదెలో దూరితే, కోడలు అందులోకే గంజి అందించింది. ఆడవాళ్ళు మాత్రం పండగ చేసుకున్నారు. పగలంతా అరుగుల మీద కబుర్లే.

తాతకి ఇదేమీ తెలీదు. తిప్ప మీద మళ్ళీ ఎవరూ తవ్వలేదు కాబట్టి లేచి కూర్చున్నాడు, ఆవకాయ కలిపిన అన్నం ముద్దలు తిన్నాడు, మళ్ళీ జెండాలు పాతాడు. ఒకరోజు గట్టు మీద దూరంగా ఎవరో ఒకే ఒక్క మగమనిషి కనిపిస్తే పలకరిద్దామని దుర్భిణి ఎత్తాడు. ఆ మనిషి పంచె ఊడిపోతున్నా ఆగకుండా పరిగెత్తాడు.

"శాన సిగ్గరులు మీ ఊరోళ్ళు" అన్నాడు తాత.

పున్నమి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం పడవ మావయ్య నన్నూ తమ్ముణ్ణీ తాతనీ తిప్ప మీద దింపాడు. ఆయన రెండ్రోజులుగా వేరే ఊరు వెళ్ళి అప్పుడే వచ్చాడు. సంగతి ఆయన చెవిన పడలేదు. "ఒక్క టీ తాగొచ్చేస్తానండి, ఆయ్" అని వెళ్ళాడు. టీకొట్టు మూసుంటే కారణం అడిగాడు. ఎవరో ఆడమనిషి చెప్పింది. మావయ్యకి ఆడపిల్లలే గాని మగపిల్లాడు లేడు, ఇంకా ఆశ ఉంది. అంతే, పడవ రేవులో వదిలేసి, పొలాలకడ్డంపడి పోయాడు.

మేం గుడ్లు చూసుకుంటూ ఉన్నాం. ముందు తమ్ముడు గమనించాడు.

"అక్కా, ఇందాక నా చెప్పులు ఒడ్డున విడిచాను. ఇప్పుడు లేవు."

పోటు ఎక్కుతోంది. పున్నమి పోటు మామూలు పోటు లాంటిది కాదు. ఉరకదు, అరవదు, పాలు పొంగినట్టు చుట్టూ ఒకేసారి పైకి వస్తుంది. ఏనుగంత తిప్ప గేదంతయింది. పడవ అవతలి ఒడ్డున ఉంది. మనిషి లేడు. నాకు ఏడుపొచ్చింది. తాత ఈల తీసి గట్టిగా ఊదాడు, ఆగకుండా ఊదాడు. మడచెట్ల వెనక దాక్కున్న ఇద్దరు ముగ్గురు ఆ ఈల విని, ఆఫీసరు జవాన్లని పిలుస్తున్నాడనుకుని ఇంకా దూరం పారిపోయారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

తాత మమ్మల్నిద్దర్నీ తిప్ప నడినెత్తిన కూర్చోబెట్టాడు. "ఈడికి రాదు బిడ్డా, ఇగో తడి గుర్తు కింద్నే ఉన్నది. కదలకుండ్రి" అన్నాడు. అని కిందికి చూశాడు. దిగువనున్న గూళ్ళకీ నీటి అంచుకీ మధ్య జానెడు ఇసకే ఉంది. తల్లిపిట్టలు గుడ్ల మీద కూర్చునే ఉన్నాయి, లేవడంలేదు.

తాత గడ్డం కింద ముడి విప్పాడు. నెత్తిమీద గిన్నె తీశాడు. దాంతో ఇసక తోడి గూళ్ళ ముందు గట్టు కట్టడం మొదలుపెట్టాడు. వంగితే చాలు పిట్టలు ఆ బట్టతల మీద పడుతున్నాయి. నెత్తి మీంచి నెత్తురు చారలు దిగుతున్నా ఆయన గిన్నె ఆపలేదు. "నీ కోసమేనే తల్లీ, జెర సమఝ్ చేస్కో" అని వాటిని బతిమాలుతున్నాడు. కదలొద్దన్నా మేం ఆగలేదు. చేతుల్తోనే ఇసక లాగాం. ఒకచోట గట్టు తెగితే తమ్ముడు అందులో అడ్డంగా పడుకున్నాడు.

అప్పుడు వినిపించింది అమ్మమ్మ గొంతు.

పడవ మావయ్య భార్య పరిగెత్తుకెళ్ళి అమ్మమ్మతో, "మా ఆయన ఆఫీసరుగారినీ పిల్లల్నీ తిప్ప మీద దింపేసి పారిపోయాడండీ" అని చెప్పిందట. మగవాళ్ళెవరూ లేరు, వాళ్ళని ఊరొదిలి పారిపోయేలా చేసింది అమ్మమ్మే. ఇంకేముంది, ఆడవాళ్ళంతా పడవెక్కారు. ఎవరికీ గెడ వెయ్యడం రాదు. పడవ ఒకసారి సముద్రం వైపు, ఒకసారి ఊరి వైపు తిరిగి, గుండ్రంగా మూడుసార్లు తిరిగి, అందరూ అందరినీ తిట్టుకుంటుండగా, ఎలాగో వచ్చి తిప్పకి గుద్దుకుంది. అమ్మ దూకి మా ఇద్దర్నీ పొదివి పట్టుకుని, ముద్దు పెట్టుకుని, తర్వాత చెరొకటీ వేసింది.

"ఎక్కండన్నయ్యగారూ!" అని అరిచింది అమ్మమ్మ.

"ఇంక నాలుగు గూళ్ళున్నయక్కా. జెర ఆగుండ్రి."

"మీకేవైనా పిచ్చా? నీళ్ళొచ్చేస్తుంటే గుడ్లంటారేంటి?"

తాత తలెత్తలేదు. అమ్మమ్మ ఆ నెత్తురు చారల తల చూసింది. నీళ్ళు చూసింది. గుడ్ల మీంచి లేవని పిట్టల్ని చూసింది. "మొండి ముండాకొడుకులు ఎక్కడెక్కడి నుంచి దాపురిస్తారో" అని చీర కుచ్చిళ్ళు ఎగదోపి నీళ్ళలోకి దిగింది. వెనకే మిగతా ఆడవాళ్ళు. ఆవకాయ కారం ఇంకా పోని చేతులతో వరసగా ఇసక ఎత్తిపోశారు. పిట్టలు అందర్నీ పొడిచాయి. ఒకావిడ వాటిని తన అత్తగారి పేరు పెట్టి తిడుతూ మరీ పని చేసింది.

నీళ్ళు గట్టుని తాకాయి, కాసేపు అలాగే నిలబడ్డాయి, సందేహిస్తున్నట్టు. తర్వాత మెల్లిగా వెనక్కి తీయడం మొదలైంది. తాత ఇసకలో కూలబడి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, "లైన్ క్లియర్" అన్నాడు.

మేం బయల్దేరే రెండురోజుల ముందు మొదటి పిల్ల బయటికొచ్చింది. ఇసక ముద్దకి కాళ్ళొచ్చినట్టుంది. నా పచ్చ పరికిణీ పీలిక తాత ఈనెకి చుడితే ముడి నేనే వేశాను. వెళ్ళేనాటికి తిప్ప మీద పచ్చజెండాలు రెపరెపలాడాయి.

ఊరి మగవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ప్రెసిడెంటుగారు బుట్టెడు మామిడిపళ్ళు మోయించుకుని వచ్చి, చేతులు కట్టుకుని తాత ముందు నిలబడ్డాడు.

"అయ్యా, మా ఊరిని కాస్త చూసీ చూడనట్టు వదిలెయ్యాలండి. ఆయ్."

"గట్లెట్ల?" అన్నాడు తాత ఆశ్చర్యంగా. "చూసుడే గదా నా పని. మళ్ళొచ్చే ఏడు సుత వస్త. ఒక్కటి సుత ఇడిచిపెట్ట, అన్నీ జూస్త."

ప్రెసిడెంటుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మమ్మ తలుపు చాటుకి వెళ్ళి కొంగు కుక్కుకుంది.

రైలెక్కాక అమ్మ తాతకి అసలు సంగతి చెప్పింది. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కోపమొచ్చిందేమోనని అమ్మ భయపడింది. చూస్తే భుజాలు కదులుతున్నాయి. పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "అక్క మామూలు మనిషి కాదు బిడ్డా. ఊరును ఊరే ఖాళీ చేపిచ్చె" అన్నాడు. మెట్టుగూడలో ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆ తర్వాత ఆయన మేడెక్కితే ఎవరూ ఏమీ అనలేదు సరిగదా, పిల్లలు దుర్భిణి కోసం వరస కట్టేవాళ్ళు. మళ్ళీ ఏడు మాత్రం ఆయన రాలేదు. కంట్లో శుక్లం తీయించుకున్నాడు. ఆ తర్వాత నాన్నకి బదిలీ అయింది, ఇల్లు మారాం. పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు.

నాలుగేళ్ళ కిందట ఏదో పెళ్ళికని ఆ వైపు వెళ్ళి, పనిగట్టుకుని మొగ దాకా వెళ్ళాను. తిప్ప లేదు. ఏరు ఎప్పుడో దారి మార్చుకుందట. తిప్ప ఉన్న చోట లోతు నీళ్ళు. గట్టంతా రొయ్యల చెరువులు. ఒక షెడ్డు నీడలో నులకమంచం మీద ఒక పండు ముసలాయన కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టాడు. పడవ మావయ్య. అన్నీ అడిగాడు, అమ్మ గురించి, తమ్ముడి గురించి. తర్వాత గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, "ఆ ఆఫీసరుగారు ఉన్నారా అమ్మా?" అన్నాడు.

"లేరు మావయ్యా. పోయి చాలా ఏళ్ళయింది."

మావయ్య గుండె నిండా ఊపిరి పీల్చి వదిలాడు. "మంచోరే పాపం" అన్నాడు.

ఇన్నేళ్ళ తర్వాతైనా చెప్పేద్దామనిపించింది. ఆయన ఆఫీసరు కాదనీ, మా ఇంటి ఓనరనీ, ఆపరేషన్లూ లేవు డేరాలూ లేవు, ఉత్తి పిట్టల్ని చూడ్డానికి వచ్చాడనీ, అంతా అమ్మమ్మ కల్పించిందనీ విడమరిచి చెప్పాను. మావయ్య ఓపిగ్గా విన్నాడు. విని, నా తెల్లజుట్టు వైపు జాలిగా చూస్తూ నవ్వాడు.

"నువ్వప్పుడు చిన్నపిల్లవమ్మా. నీకేం తెలుసు? సాక్షాత్తూ మీ అమ్మమ్మే చెప్పింది."

మా అమ్మమ్మ మాట ముందు నా మాట ఎప్పుడు నిలిచింది గనక.